మాత్ర మానేసి పరీక్షకు వెళ్లాలా?

ప్రశ్న: నా వయసు 34. క్రేన్ ఆపరేటర్‌ని. ఏడాదిన్నర కిందట ఉన్నట్టుండి గుండె దడ, ఊపిరాడకపోవడం మొదలైతే పానిక్ ఎటాక్స్ అని చెప్పి సైకియాట్రిస్ట్ మందులు రాశారు. ఇప్పుడు రాత్రిపూట క్లోనజెపామ్ 0.5 ఎంజీ ఒక్కటే వేసుకుంటున్నాను. బాగానే ఉన్నాను. ఈ సంగతి నా భార్యకు తప్ప ఎవరికీ తెలియదు. ఈమధ్య ఒక పెద్ద కంపెనీలో ఉద్యోగం వచ్చింది. చేరేముందు డ్రగ్ టెస్ట్ ఉంటుందన్నారు, ఇంకా పది రోజులుంది. ఈలోగా దగ్గు పట్టుకుంటే ఇంకో డాక్టరు కోడీన్ ఉన్న సిరప్ ఇచ్చారు, మూడు రోజులుగా తాగుతున్నాను. నెల కిందట నడుము పట్టేస్తే మా అన్నయ్య వాడే ట్రమడాల్ మాత్ర ఒకటి వేసుకున్నాను. పరీక్షకు ముందు నాలుగు రోజులు అన్నీ మానేయమని ఒక స్నేహితుడు, కడుపునిండా నీళ్లు తాగి వెళ్లమని ఇంకొకడు చెబుతున్నారు. ఫారంలో వాడే మందులు రాయమంటే రాయాలా? రాస్తే హెచ్‌ఆర్ వాళ్లకు నా జబ్బు తెలిసిపోదా? రాయకపోతే దొరికిపోనా? రాత్రుళ్లు ఇదే టెన్షన్.
– పేరు వద్దన్న పాఠకుడు

జవాబు: మీ ప్రశ్నలన్నిటికంటే ముందు మీరు ఒక ఫోన్ చేయాలి. దగ్గు సిరప్ రాసిన డాక్టరుకు మీరు క్లోనజెపామ్ వేసుకుంటున్నట్టు తెలుసా? భార్యకు తప్ప ఎవరికీ తెలియదని రాశారు కాబట్టి ఆయనకూ చెప్పి ఉండరని నా అనుమానం. కోడీన్ ఓపియాయిడ్ జాతి మందు, క్లోనజెపామ్ బెంజోడయజెపైన్ జాతి మందు. రెండూ మెదడును మత్తుగా ఉంచి శ్వాసను నెమ్మదింపజేసేవే. విడివిడిగా ఏమీ చేయని మోతాదులు కూడా ఒకే రాత్రి కలిస్తే ప్రాణం మీదికి తేవచ్చు. అమెరికాలో మందులను నియంత్రించే ఎఫ్‌డీఏ 2016లో ఈ రెండు జాతుల మందుల మీదా ఈ విషయమై పెట్టె గీసి మరీ హెచ్చరిక వేయించింది, ఓపియాయిడ్ ఉన్న దగ్గుమందులను కూడా కలిపి. అందుకని ఆ డాక్టరుతో మాట్లాడేదాకా సిరప్ తాగకండి. దగ్గుకు కోడీన్ లేని మందులు చాలా ఉన్నాయి, మార్చి ఇస్తారు. ఫోన్ చేశాక మిగతాది చదవండి.

ఇక క్లోనజెపామ్. దీన్ని మాత్రం మీ అంతట మీరు ఒక్క రాత్రి కూడా ఆపకండి. ఏడాదిన్నరగా రోజూ పడుతున్న బెంజోడయజెపైన్‌ను హఠాత్తుగా ఆపేస్తే నిద్ర పట్టదు, చేతులు వణుకుతాయి, తగ్గిందనుకున్న గుండె దడ రెట్టింపై తిరిగొస్తుంది. కొందరికి ఫిట్స్ కూడా వస్తాయి, అంతకుముందు ఎప్పుడూ ఫిట్స్ రానివాళ్లకు సైతం. మీ స్నేహితుడి సలహా వింటే కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టవుతుంది. పోనీ అంత చేసినా ఫలితం ఉంటుందా అంటే అదీ లేదు. క్లోనజెపామ్ ఒంట్లో సగానికి తగ్గడానికే సుమారు 30 నుంచి 40 గంటలు పడుతుంది. ఆ సగంలో సగం తగ్గడానికి మళ్లీ అంతే. రోజూ వేసుకునేవాళ్ల మూత్రంలో దాని అవశేషం ఆపిన వారం తర్వాత కూడా కనిపించవచ్చు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ రోజులు. అంటే నాలుగు రోజులు మానేసి వెళితే ఒంట్లో మందు ఆనవాలు అలాగే ఉంటుంది, మీరు మాత్రం నిద్రలేక వణుకుతూ కూర్చుంటారు. పైగా ఆ వణుకుతోనే మెడికల్ పరీక్షకు వెళతారు, బీపీ చూసేవాళ్ల ముందుకు!

ఒక కర్మాగారం వైద్య విభాగంలో పనిచేసిన రోజుల్లో ఇలాంటి భయంతో వచ్చినవాళ్లను చాలామందిని చూశాను. ఎక్కువమంది తప్పు చేసినవాళ్లు కాదు, డాక్టరు రాసిన మందు వేసుకునేవాళ్లే. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు, దొంగలు కానివాళ్లే ముందు భుజాలు తడుముకునేవారు. దాంట్లో వాళ్ల తప్పు కూడా ఏం లేదు. ఈ పరీక్ష ఎలా పనిచేస్తుందో ఎవరూ విడమరిచి చెప్పరు మరి.

పరీక్షలో మామూలుగా రెండు అంచెలుంటాయి. మొదటిది స్క్రీనింగ్. ఇందులో యాంటీబాడీలు మందు ఆకారాన్ని గుర్తుపట్టి అతుక్కుంటాయి. తాళంచెవి పోలికను బట్టి తాళం తెరుచుకోవడం లాంటిది. చౌక, త్వరగా అయిపోతుంది, కానీ పోలిక చూసి పొరబడుతుంది. డిప్రెషన్‌కు, సిగరెట్ మాన్పించడానికి ఇచ్చే బ్యుప్రోపియాన్, ఎలర్జీకి, వాంతులకు ఇచ్చే ప్రోమెథజీన్, బీపీకి వాడే లాబెటలాల్, జలుబు మాత్రల్లోని సూడోఎఫిడ్రిన్, ఇవన్నీ కొన్ని కిట్లలో యాంఫెటమిన్ అనే ఉత్తేజక మందులా కనిపిస్తాయి. డిప్రెషన్‌కే ఇచ్చే సెర్ట్రలిన్ బెంజోడయజెపైన్‌లా కనిపించిన సందర్భాలున్నాయి. లెవోఫ్లాక్ససిన్, ఓఫ్లాక్ససిన్ లాంటి యాంటీబయాటిక్‌లు, టీబీకి వాడే రిఫాంపిసిన్ ఓపియేట్లలా (మార్ఫిన్, కోడీన్ లాంటివి) కనిపిస్తాయి. దగ్గుమందుల్లో ఉండే డెక్స్‌ట్రోమెథార్ఫాన్, డిప్రెషన్‌కు ఇచ్చే వెన్లాఫాక్సిన్ పీసీపీ అనే మత్తుమందులా కనిపిస్తాయి. ఏ కిట్ దేనికి పొరబడుతుందన్నది కంపెనీని బట్టి మారుతుంది.

అందుకే రెండో అంచె. స్క్రీనింగ్‌లో తేడా వచ్చిన నమూనాను మాస్ స్పెక్ట్రోమెట్రీ అనే పద్ధతిలో చూస్తారు. ఇది పోలిక చూడదు. అణువును ముక్కలు చేసి ఆ ముక్కల బరువును బట్టి ఫలానా పదార్థమే అని చెబుతుంది. సెర్ట్రలిన్ వేసుకున్నవాడు ఇక్కడ నిర్దోషిగా బయటపడతాడు. మీ విషయం అది కాదు సుమా. మీరు నిజంగానే బెంజోడయజెపైన్ వేసుకుంటున్నారు కాబట్టి రెండో అంచెలో కూడా అది కనిపిస్తుంది. అది తప్పుడు పాజిటివ్ కాదు, నిజమైన పాజిటివ్, కాకపోతే కారణం ఉన్న పాజిటివ్. ఈ తేడా గుర్తుంచుకోండి. "మీ మెషిన్ తప్పు" అని వాదించాల్సిన పని మీకు లేదు, చీటీ చూపిస్తే చాలు.

ఇక్కడో తమాషా ఉంది. చాలా స్క్రీనింగ్ కిట్లు ఆక్సజెపామ్ అనే పదార్థాన్ని పట్టుకునేలా తయారైనవి. డయజెపామ్ ఒంట్లో ఆక్సజెపామ్‌గా మారుతుంది కాబట్టి సులువుగా దొరుకుతుంది. క్లోనజెపామ్ ఆ దారిలో పోదు, కాబట్టి కొన్ని కిట్లకు అసలు దొరకనే దొరకదు. మీరు ఇంత టెన్షన్ పడుతున్న మాత్ర ఆ రోజు నెగటివ్ అని రావడానికి కూడా అవకాశముంది. అలాగని ఆ లెక్క మీద ఉద్యోగం పందెం కాయకండి. వాళ్లు ఏ కిట్ వాడతారో మీకు తెలియదు, వాళ్ల పరీక్షల జాబితాలో ఏమున్నాయో తెలియదు. పైగా క్రేన్ ఎక్కేవాళ్లకు ఉద్యోగంలో చేరాక కూడా చెప్పకుండా పరీక్షలు పెట్టే కంపెనీలు చాలా ఉన్నాయి. మొదటిసారి దాచినది మూడోసారి బయటపడితే అప్పుడు అడిగే ప్రశ్న వేరు: మందు ఎందుకు వాడుతున్నావని కాదు, ఎందుకు దాచావని.

సిరప్ సంగతి. ఈ రోజే ఆపేస్తే పది రోజుల్లో కోడీన్ మూత్రంలో లేకుండా పోతుంది, మామూలుగా రెండు మూడు రోజులే పడుతుంది. ఒకవేళ డాక్టరు అన్నీ తెలిసి కూడా వాడాల్సిందేనన్నా పరీక్ష విషయంలో భయం లేదు. కోడీన్‌లో కొంత భాగం లివర్‌లో మార్ఫిన్‌గా మారుతుంది, కాబట్టి ల్యాబ్ రిపోర్టులో రెండూ కనిపిస్తాయి. "నేను మార్ఫిన్ ముట్టుకోలేదు మొర్రో" అని బెదిరిపోయినవాళ్లున్నారు. దాన్ని చదవడం తెలిసిన డాక్టరుకు ఇది కొత్త కాదు. హెరాయిన్‌కు వేరే గుర్తుంది, 6-ఎసిటైల్‌మార్ఫిన్ అని. కోడీన్ నుంచి అది పుట్టదు. గసగసాలు తిన్నా కూడా మార్ఫిన్ కనిపించే వీలుంది. ఆ గొడవ పడలేకే అమెరికా ప్రభుత్వ పరీక్షల్లో ఓపియేట్ల హద్దును 1998లో మిల్లీలీటరుకు 300 నానోగ్రాముల నుంచి 2000కు పెంచారు. పాజిటివ్ అంటే "ఉంది" అని కాదు, "పెట్టుకున్న హద్దు దాటింది" అని అర్థం.

ఇప్పుడు మీ అసలు బాధకు వద్దాం. మందు పట్టుబడుతుందని కాదు మీ భయం, జబ్బు పేరు పదిమంది నోళ్లలో పడుతుందని. నాకర్థమైంది.

రాయాలా అంటే, రాయాలి. కానీ ఎవరికి, ఏ కాగితం మీద అన్నది చూసుకోవాలి. సరైన పద్ధతిలో నడిచే చోట ల్యాబ్ రిపోర్టు నేరుగా హెచ్‌ఆర్ బల్ల మీదికి రాదు. మధ్యలో ఒక డాక్టరు ఉంటారు. ఆయన పని ఇదే: పాజిటివ్ వచ్చినవాళ్లకు ఫోన్ చేయడం, ఏం మందులు వాడుతున్నారో అడగడం, ప్రిస్క్రిప్షన్ నిజమేనా అని మందుల షాపుకో, రాసిన డాక్టరుకో ఫోన్ చేసి చూసుకోవడం. అన్నీ సరిపోతే కంపెనీకి ఆయన పంపేది "నెగటివ్" అన్న ఒక్క మాట. మందు పేరు గానీ జబ్బు పేరు గానీ మామూలుగా అందులో ఉండదు. కాబట్టి ఉద్యోగం ఇచ్చిన కంపెనీకి ఒక చిన్న ఈమెయిల్ పెట్టండి: "నేను డాక్టరు రాసిన మందు వాడుతున్నాను. దాని వివరాలు పరీక్ష ఫలితాలు చూసే డాక్టరుకే ఇవ్వాలనుకుంటున్నాను. ఎవరిని కలవాలి?" అంతే. మందు పేరు వద్దు, కథ వద్దు. ఇది నమూనా ఇవ్వడానికి ముందే పంపండి. పాజిటివ్ వచ్చాక చూపించిన ప్రిస్క్రిప్షన్‌ను కూడా తీసుకుంటారు, కానీ ముందే చెప్పినవాడి మాటకు ఉండే బరువు వేరు.

అలాంటి డాక్టరు లేని చిన్న ఏర్పాటైతే? అప్పుడు కవరు అంటించి, పైన "మెడికల్ ఆఫీసర్‌కు మాత్రమే" అని రాసి ఇవ్వండి. మందులు రాసే గడి నమూనా తీసుకునే కుర్రాడి చేతిలో ఉన్న ఫారంలో ఉంటే "డాక్టరు రాసిన మందులు వాడుతున్నాను, వివరాలు మెడికల్ ఆఫీసర్‌కు ఇచ్చాను" అని రాయొచ్చు. అది అబద్ధం కాదు, దాపరికమూ కాదు. కానీ "ఏమీ వాడటం లేదు" అని టిక్కు మాత్రం పెట్టకండి. నేను చూసినంతలో ఉద్యోగాలు పోయింది మాత్ర వల్ల కంటే ఆ టిక్కు వల్లే ఎక్కువ.

కవర్లో ఏముండాలి? ప్రిస్క్రిప్షన్ కాపీ, దాని మీద మీ పేరు మీ గుర్తింపు కార్డులో ఉన్నట్టే ఉండాలి. మందు కొన్న బిల్లులు, మాత్రల స్ట్రిప్ ఫొటో కూడా పెట్టండి. షాపువాళ్లు ఒక్కోసారి వేరే బ్రాండ్ ఇస్తారు కదా, చీటీలో ఒక పేరు, స్ట్రిప్ మీద ఇంకో పేరు ఉంటే చూసేవాళ్లు తికమకపడతారు. అసలు మందు పేరు స్ట్రిప్ వెనక చిన్నక్షరాల్లో ఉంటుంది, అది కనిపించేలా తీయండి. మీ ప్రిస్క్రిప్షన్ ఏడాదిన్నర నాటిదే అయితే పనికిరాదు, సైకియాట్రిస్ట్ దగ్గరికి వెళ్లి కొత్తది రాయించుకోండి. ఎలాగూ ఇంకో పనికి ఆయన్ని కలవాలి మీరు.

ఆ ఇంకో పని చెబుతాను, ఇది మీకు నచ్చకపోవచ్చు. డ్రగ్ టెస్ట్ గట్టెక్కడం ఒకటి, క్రేన్ ఎక్కడానికి ఫిట్‌గా ఉండటం ఇంకొకటి. ప్రిస్క్రిప్షన్ ఉంది కాబట్టి మొదటిదాంట్లో మీరు దోషి కాదు. రెండోదాంట్లో ప్రిస్క్రిప్షన్ మిమ్మల్ని కాపాడదు. సగానికి తగ్గడానికే 30 గంటలు పైన పట్టే మందు రాత్రి వేసుకుంటే తెల్లవారి షిఫ్టులో కూడా ఒంట్లో ఉన్నట్టే. ఏడాదిన్నరగా అదే మోతాదు వేసుకునేవాళ్లలో చాలామందికి ఒళ్లు అలవాటుపడి మగత పెద్దగా ఉండదు. మీరూ ఇన్నాళ్లుగా పని చేస్తూనే ఉన్నారు. కానీ ఆ మాట మీరు చెబితే చాలదు, కింద హుక్ దగ్గర నిలబడేవాడి తరఫున ఒక డాక్టరు చూసి చెప్పాలి. సైకియాట్రిస్ట్ దగ్గరికి వెళ్లి మీ పని ఏమిటో విడమరిచి చెప్పండి. "డ్యూటీ" అంటే ఆయన ఆఫీసు కుర్చీ అనుకోవచ్చు. ఎంత ఎత్తు, ఎన్ని గంటలు, నైట్ షిఫ్టులున్నాయా, అన్నీ చెప్పండి. పొద్దున లేవగానే తల బరువుగా ఉంటుందేమో నిజం చెప్పండి. ఆయన మోతాదు నెమ్మదిగా తగ్గించే ఆలోచన చేయొచ్చు, మగత లేని మందుకు మార్చొచ్చు. అవి వారాలు, నెలలు పట్టే పనులు, పది రోజుల్లో హడావిడిగా చేసేవి కావు. అందాకా "నా వైద్యంలో ఉన్నారు, ఈ మోతాదులో స్థిరంగా ఉన్నారు, ఈ పని చేయడానికి నాకు అభ్యంతరం లేదు" అనో, "ఫలానా జాగ్రత్తతో చేయొచ్చు" అనో ఒక ఉత్తరం ఇవ్వమనండి. ఇవ్వనంటే ఆ కారణం మీకూ తెలియాలి కదా!

ఆ ఉత్తరంలో జబ్బు పేరు రాయొద్దని అడగొచ్చు. మామూలుగా నేనూ అదే చెబుతాను. కానీ మీ విషయంలో కాస్త ఆలోచించండి. క్లోనజెపామ్‌ను ఫిట్స్‌కు కూడా వాడతారు. క్రేన్ ఆపరేటర్ కవర్లో ఆ పేరు చూడగానే కంపెనీ డాక్టరుకు మొదట తోచేది అదే. పానిక్ అని రాస్తే ఎలాగని మీరు సిగ్గుపడుతుంటే ఆయన అంతకంటే పెద్దది ఊహించుకుని కూర్చుంటారు. డాక్టరు నుంచి డాక్టరుకు వెళ్లే ఉత్తరంలో ఉన్నదున్నట్టు రాయడమే మీకు మేలని నా అభిప్రాయం. హెచ్‌ఆర్‌కు వెళ్లేదాంట్లో ఆ పేరు అక్కర్లేదు.

నీళ్ల సంగతి రెండు ముక్కల్లో. మీకు దాచాల్సింది లేదు కాబట్టి తాగాల్సిన అవసరమూ లేదు. మూత్రంలో క్రియాటినిన్ అనే వ్యర్థపదార్థం డెసిలీటరుకు 20 మిల్లీగ్రాముల కంటే తగ్గి, సాంద్రత కూడా పడిపోతే నమూనా పలచనైందని రాస్తారు, మళ్లీ రమ్మంటారు, అనుమానం ఉచితం. దాహమేసినంత తాగండి చాలు. నిమ్మరసాలు, కషాయాలు దేనికీ పనికిరావు.

ఆ రోజు సీసా మీద సీలు వేసేదాకా దాన్ని కంటికి కనిపించేలా ఉంచుకోండి, లేబుల్ మీద నంబరు, మీ పేరు సరిచూసుకుని సంతకం పెట్టండి. ఇచ్చిన వెంటనే వేడి చూస్తారు, 32 నుంచి 38 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉండాలి. కంగారుపడకండి, అది అందరికీ చేసేదే. నమూనాను రెండు సీసాల్లోకి పంచుతారా అని అడగండి. పంచితే, ఫలితం మీద గొడవ వచ్చినప్పుడు రెండో సీసాను వేరే ల్యాబ్‌లో చూపించమని అడిగే వీలుంటుంది, కాకపోతే గడువు తక్కువ, చాలాచోట్ల రోజుల్లోనే అడగాలి. అక్కడికక్కడే కిట్ మీద చూసే పద్ధతైతే ఒక సంగతి తెలిసుంటే మంచిది: ప్రెగ్నెన్సీ కిట్‌కు ఇది తిరగబడి ఉంటుంది. మందు గీత కనిపిస్తే నెగటివ్, కనిపించకపోతేనే పాజిటివ్. గీత ఎంత పలచగా ఉన్నా నెగటివే. నమూనా తీసుకున్నవాడు పొరబడి "పాజిటివ్" అన్నాడనుకోండి, ల్యాబ్‌లో కన్ఫర్మ్ చేయించమని మర్యాదగా అడగండి. కిట్ మీద గీతను బట్టి ఉద్యోగం తీసేయడం ఎక్కడైనా తొందరపాటే.

తర్వాత వారం రోజులు తెలియని నంబర్ల నుంచి వచ్చే ఫోన్లు కూడా ఎత్తండి. లోను కావాలా అనేవాళ్లతో పాటు ఫలితాలు చూసే ఆ డాక్టరు కూడా తెలియని నంబరే కదా. ఆయన ఫోన్‌కు దొరకని మనిషి పాజిటివ్ అలాగే పాజిటివ్‌గా మిగిలిపోతుంది.

ఇక మీ అన్నయ్య మాత్ర. నెల కిందట ఒక్క ట్రమడాల్ వేసుకున్నది ఇప్పుడు మూత్రంలో ఉండదు, కొన్ని రోజుల్లోనే పోయి ఉంటుంది. దాని గురించి నిద్ర పాడుచేసుకోకండి. కానీ మీ చిక్కుల్లో నిజంగా సమాధానం చెప్పుకోలేనిది అదొక్కటే. అదే గనక పరీక్షకు ముందురోజు వేసుకుని పట్టుబడి ఉంటే మీ దగ్గర చూపించడానికి కాగితం లేదు, అన్నయ్య పేరున్న చీటీ మీకు పనికిరాదు. పైగా ట్రమడాల్ కూడా ఓపియాయిడే, ఆ రాత్రి కూడా మీరు క్లోనజెపామ్ వేసుకునే ఉంటారు. నడుము మళ్లీ పట్టేస్తే మీ డాక్టరు దగ్గరికి వెళ్లండి. ఇంట్లో ఆ స్ట్రిప్‌లో ఇంకా మాత్రలు మిగిలుంటే ఈ ఆదివారం అన్నయ్యకు తిరిగిచ్చేయండి.